చేదు వదిలిన దుంప

భద్రాచలం దాటి అడవి దారి పడితే, గింజలు అడుగంటిన నెలల్లో కోయ, కొండరెడ్డి ఇళ్లలో ఒక చేదు దుంప పొయ్యి ఎక్కేది. కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లకు ఆ వంట ఇప్పటికీ తెలుసు. దాని తీగకు ముళ్లుంటాయి, ఆకులు మూడేసి చొప్పున వస్తాయి. శాస్త్రీయ నామం డయాస్కోరియా హిస్పిడా. మనం కూర వండుకునే పెండలానికి దగ్గర చుట్టం. పచ్చిగా కొరికితే గొంతు మండుతుంది. ఎక్కువ తింటే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అందులోని డయాస్కోరిన్ అనే ఆల్కలాయిడ్ నేరుగా నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది.

అయినా మనుషులు దాన్ని తిన్నారు. చెక్కు తీసి, పలచగా చక్రాల్లా తరిగి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోశారు. ముక్కల్ని వెదురు బుట్టలో పోసి, వాగులో నీరు పారే చోట రాళ్ల మధ్య ఇరికించారు. ఒక రాత్రి ఉంచారు, చేదు పోకపోతే ఇంకో రాత్రి ఉంచారు. డయాస్కోరిన్ నీళ్లలో కరుగుతుంది. కుండలో నిలవ నీళ్లయితే కొంత విషం కరిగాక ఇక కరగడం మందగిస్తుంది. మళ్లీ మళ్లీ నీళ్లు మార్చాలి. వాగు ఆ పని తనంతట తాను చేస్తుంది, ప్రతి క్షణం కొత్త నీరు వస్తుంది. మర్నాడు ఒక ముక్క నాలుక చివర పెట్టి చూస్తారు. చేదు వదిలితే మళ్లీ ఉడికించి పిల్లలకు పెడతారు.

రాతియుగపు తిండి ఎలా ఉండేదని అడిగిన వాళ్లకు నేను ముందు ఈ బుట్ట గురించే చెబుతాను. పట్టణాల్లో ‘పేలియో’ అన్న మాట వినపడగానే జనానికి తట్టేది అన్నం మానేయడం, మాంసం గుడ్లు తినడం. ఈ బుట్టలో ఉన్నది పిండి పదార్థం. అదీ ఊరికే దొరికింది కాదు, రెండు రోజుల పనితో, తరతరాల జ్ఞాపకంతో సంపాదించుకున్నది.

పేలియో వాదం పుట్టుక గురించి రెండు ముక్కలు. 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే అమెరికా జీర్ణకోశ వైద్యుడు రాతియుగపు ఆహారం పేరుతో ఒక పుస్తకం వేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో పాతరాతియుగపు పోషణ మీద వ్యాసం రాశాక వైద్యలోకం చెవి ఒగ్గింది. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో అది ఇళ్లలోకి వచ్చింది. వాదం తేలిక: మనిషి జాతి వయసు 20 లక్షల ఏళ్ల పైమాటే, వ్యవసాయం వయసు 10, 12 వేల ఏళ్లు. మన ఒళ్లు అడవి తిండికి అమరింది, పొలం తిండికి ఇంకా అమరలేదు. కాబట్టి గింజలు, పప్పులు, పాలు, పంచదార మానేయాలి.

తెలుగునాట ఇదే కోరిక వేరే రూపాల్లో వచ్చింది. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతిని పట్టుకుని ఎన్నో ఇళ్లలో అన్నం కుండ దించి కొబ్బరినూనె సీసా ఎక్కించారు. దాదాపు అదే కాలంలో ఖాదర్ వలీ మాట విని కొర్రలు, అండుకొర్రలు, సామలు వెతుక్కుంటూ మరికొందరు బజారుకెళ్లారు. ఒకరు గింజను గెంటేశారు, ఒకరు గింజకే పీట వేశారు. దారులు ఎదురెదురు, జనం కోరుకున్నది మాత్రం ఒకటే, ఒంటికి సరిపడే తిండికి తిరిగి వెళ్లడం. ఆ కోరికను నేను మనసారా గౌరవిస్తాను. తిరిగి వెళ్లాల్సిన చోటు ఏదో మాత్రం సరిగ్గా చూసుకోవాలి.

తవ్వకాల్లో దొరికినవి ఏం చెబుతున్నాయి? దక్షిణాఫ్రికాలోని బోర్డర్ కేవ్ అనే గుహలో 1,70,000 ఏళ్ల నాటి బూడిదలో కాల్చిన దుంపలు బొగ్గై దొరికాయి. నియాండర్తాల్ మనుషుల పళ్లకు పట్టిన గారలో ఉడికిన పిండి రేణువులు కనిపించాయి. ఇజ్రాయెల్‌లోని ఒహాలో అనే చోట 23,000 ఏళ్ల కిందట అడవి బార్లీ నూరిన రాయి దొరికింది. జోర్డాన్‌లో 14,400 ఏళ్ల నాటి రొట్టె ముక్క దొరికింది. వ్యవసాయం మొదలవడానికి నాలుగు వేల ఏళ్ల ముందు మాట ఇది. అంటే నాగలి పట్టకముందే మనిషి రొట్టె కాల్చుకున్నాడు.

ఒంట్లోని సాక్ష్యం ఇంకా గట్టిది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆపకుండా నములుతూ ఉండండి, కాసేపటికి తియ్యగా తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ పిండిని చక్కెరగా విరగ్గొడుతున్నదన్న మాట. ఆ అమైలేజ్‌ను తయారుచేసే జన్యువు చింపాంజీలో రెండే ప్రతులుంటే మనలో చాలామందికి అంతకు రెండు మూడింతలుంటాయి. ఈ ప్రతులు పెరగడం ఎప్పుడు మొదలైందో 2024 అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది: 8 లక్షల ఏళ్ల కిందటే, మనమూ నియాండర్తాల్‌లూ విడిపోకముందే. ఒంటి బరువులో నూటికి రెండు వంతులున్న మెదడు, మనం ఖర్చుచేసే శక్తిలో ఐదో వంతు తీసుకుంటుంది. దానికి ఇష్టమైన ఇంధనం గ్లూకోజ్. దుంప తవ్వి నిప్పుల్లో కాల్చుకున్న జీవికి ఆ మెదడును పోషించడం తేలికైంది.

మన నేల సంగతికి వస్తే, కర్నూలు సీమలోని జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. సుమత్రా దీవిలో 74,000 ఏళ్ల కిందట పేలిన కొండ అది. ఆ పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే. ఆకాశం నుంచి బూడిద కురిసిన కాలాన్ని కూడా ఇక్కడి మనుషులు దాటుకుని వచ్చారని తవ్వినవాళ్ల అభిప్రాయం. ఏం తిని దాటారో రాళ్లు చెప్పవు. ఎస్కిమోలు సీలు కొవ్వు తిని బతికారు. టాంజానియాలోని హడ్జాలు దుంపలు, తేనె, బావొబాబ్ కాయలు, వేటమాంసం తింటారు. నల్లమల చెంచులు దుంపల మీద, పండ్ల మీద ఆధారపడ్డారు. ‘రాతియుగపు ఆహారం’ అని ఏకవచనంలో చెప్పడమే పొరపాటు. చోటును బట్టి, రుతువును బట్టి వందలాది ఆహారాలుండేవి.

అందుకే మన అడవి దగ్గరికి వద్దాం. ముందే ఒక మాట చెప్పాలి. కోయలు, కొండరెడ్లు రాతియుగంలో ఆగిపోయిన మనుషులు కారు. పోడు కొట్టి జొన్న, సామ, కంది, బొబ్బర పండించినవాళ్లు. కోడి, మేక, పంది పెంచినవాళ్లు. సంతలో ఉప్పు, ఇనుము కొన్నవాళ్లు. ఈ రోజు ఫోను, బడి, ఓటు ఉన్న మన సాటి పౌరులు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది అడవిని తిండిగా మార్చే విద్య. మన తాతముత్తాతలకు కూడా అది తెలిసే ఉంటుంది. మనం మరిచిపోయాం, వాళ్లు నిలుపుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో చిక్కుకుపోయిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ పాపికొండల రెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. పోడు గింజ అయిపోయి కొత్త పంట రాని నెలల్లో వాళ్లు దేనితో బతికేవారో అందులో ఉంది. ముఖ్యంగా జీలుగు చెట్టు. దానికి గెలలు కోసి కల్లు తీస్తారని అందరికీ తెలుసు. చెట్టును కొట్టి, మానును చీల్చి, లోపలి మెత్తటి దూటను తీసి ఎండబెట్టి దంచితే పిండి వస్తుందన్నది కొద్దిమందికే తెలుసు. ఆ పిండితో జావ కాచుకునేవారు. చెట్టు తన జీవితకాలమంతా పోగుచేసి, చివర్లో పూయడం కోసం దాచుకునే పిండి అది. పూత మొదలయ్యాక గెలలు ఒకటి తర్వాత ఒకటి దిగుతూ ఆ నిలవను తాగేస్తాయి. దాన్ని కల్లుగా తీసుకోవాలా పిండిగా తీసుకోవాలా అన్నది ఆ ఇంటి అవసరాన్ని బట్టి ఉండేది.

తర్వాత మామిడి టెంక. పండు తిన్నాక మనం పారేసే టెంకను వాళ్లు ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని నీళ్లలో నానబెట్టి, వగరు వదిలేదాకా కడిగి, పిండి చేసి అంబలి కాచేవారు. ఆ వగరు టానిన్లది. టానిన్లు కడుపులో మాంసకృత్తులకు అంటుకుని అరగనివ్వవు. నీళ్లు వాటిని తీసుకుపోతాయి. ఇందులో ప్రమాదమూ ఉంది. తడి ఆరని జీడికి బూజు పడితే ఆ విషం ఏ నీళ్లకూ పోదు. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో బూజుపట్టిన టెంక జావ తాగి ఆదివాసులు చనిపోయారు. అది ఆకలి చావుకు ఇంకో పేరు. కరువు తిండిని ఆరోగ్య రహస్యంలా పొగిడేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. కొన్ని వంటలు రుచి కోసం పుట్టాయి, కొన్ని గత్యంతరం లేక పుట్టాయి. రెండింటికీ తేడా తెలిసి మాట్లాడాలి.

వెదురు కొమ్ములది రుచి కోసమే పుట్టిన వంట. తొలకరి పడగానే నేలలోంచి కొమ్ములా పొడుచుకొచ్చే లేత మొలకను కోసి, పొరలు ఒలిచి, సన్నగా తరిగి ఉడికించి నీళ్లు వంపేస్తారు. పచ్చి కొమ్ములో సైనైడును విడుదలచేసే పదార్థం ఉంటుంది. తరిగి ఉడికిస్తే అది విరిగి ఆవిరిలో, నీళ్లలో పోతుంది. అప్పుడు పసుపు, ఉప్పు, ఎండు చేప వేసి వండితే ఆ కూర ముందు ఏ వేపుడైనా దిగదుడుపే. అదే వెదురు కాస్త ముదిరితే బొంగు. పచ్చి బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల్లో పెట్టే బొంగు చికెన్‌ను మారేడుమిల్లి దారిలో, పాపికొండల పడవల దగ్గర తినని పర్యాటకుడు లేడు. చుక్క నూనె అక్కర్లేదు. బొంగులోని తేమ ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది, కోడి కొవ్వు దాన్నే మగ్గిస్తుంది.

వానాకాలంలో పుట్టకొక్కులు, బోడకాకర, చెన్నంగి ఆకు. చలికాలంలో తేగలు, ఉసిరికాయలు. ఎండాకాలంలో తునికి పండ్లు, మొర్రి పండ్లు, చింతచిగురు, ముంజలు. ఏడాది పొడవునా గోదావరి, శబరి చేపలు, వాగుల్లో పీతలు, నత్తలు. సరిహద్దు అవతల బస్తర్‌లో ఎర్రచీమలను గుడ్లతో సహా నూరిన పచ్చడి ఉంది. అలాంటిదే ఒడిశా సిమిలిపాల్ చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసకృత్తులూ పులుపూ ఒకే ముద్దలో దొరికే పదార్థం అది. ఆ పులుపు చీమల ఫార్మిక్ ఆమ్లానిది.

ఈ క్యాలెండర్‌కు కాపలా ఉంది. మామిడి కొత్తలు, చిక్కుడు కొత్తలు అని పండుగలు చేస్తారు. ఊరంతా కలిసి ఆ కాయను దేవతకు పెట్టేదాకా ఎవరూ తెంపకూడదు. కాయ ముదిరి, గింజ పండి, వచ్చే ఏడాదికి విత్తనం మిగలడానికి ఇంతకన్నా గట్టి చట్టం ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఇప్పుడు పప్పుల సంగతి. పేలియో జాబితాల్లో కందిపప్పు నిషిద్ధం, టమాటా అనుమతి. టమాటా దక్షిణ అమెరికా నుంచి మన నేలకు వచ్చి ఐదు వందల ఏళ్లు కూడా కాలేదు. ఖమ్మం మార్కెట్‌ను ఎర్రగా కప్పే మిరపకాయ వయసూ అంతే. కందికేమో పుట్టిల్లు మన పొరుగే: దాని అడవి పూర్వికురాలు కజానస్ కజానిఫోలియస్ ఇప్పటికీ బస్తర్, ఒడిశా అడవుల్లో మొలుస్తోంది. భద్రాచలం నుంచి చూస్తే అది పక్క అడవి. ఉలవ, పెసర, అండుకొర్ర కూడా దక్కనువే. బళ్లారి, కర్నూలు సీమల బూడిద దిబ్బల కాలంలో, అంటే సుమారు 4,000 ఏళ్ల కిందట, ఇక్కడి తొలి రైతులు వాటిని పండించి తిన్నారని మాడిన గింజలు చెబుతున్నాయి. టమాటాను రానిచ్చి కందిని గెంటేసే నియమం తెలుగు వంటింట్లో పనికిరాదని నా తీర్పు. పప్పుల్లో లెక్టిన్లుంటాయి, నిజమే. నానబెట్టి, పొంగేలా ఉడికిస్తే అవి విరిగిపోతాయి. చేదు దుంపకు చేసిన మర్యాదే పప్పుకూ చేస్తే చాలు.

మరి చెడింది ఎక్కడ? 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. దాంతో ఆకలి వెనక్కి తగ్గింది. టెంక జావ మీద బతకాల్సిన అగత్యం తగ్గింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు మనసొప్పదు. దాని వెంటే జొన్న, సామ పొలం నుంచి తప్పుకున్నాయి, రోలు మూలపడింది, కంచంలో తెల్లన్నం రాశి పెరిగింది, పక్కన కూర చిన్నదైంది. తర్వాత రోడ్డు వచ్చింది, రోడ్డు వెంట ఐదు రూపాయల చిప్సు ప్యాకెట్లు, పామాయిలు వచ్చాయి. పోలవరం ముంపు పేరుతో 2014లో ఏడు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. నిర్వాసిత కాలనీలకు చేరిన కుటుంబాలకు అడవి దూరమైంది, ఏరుకుని తెచ్చుకునే తిండి కొనుక్కునే తిండైంది. ఖమ్మం పట్టణంలో ఉన్న నాకూ, కాలనీకి మారిన కొండరెడ్డికీ ఇప్పుడు తిండి ఒకటే అవుతోంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. వయోజనుల్లో నూటికి 11 మందికి పైనే.

తిరిగి వెళ్తే బాగుపడతామా? దీనికి సూటిగా జవాబు చెప్పిన ప్రయోగం ఒకటుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కెరిన్ ఓడియా పట్టణ జీవితానికి అలవాటుపడి మధుమేహం తెచ్చుకున్న పదిమంది ఆదివాసులతో కలిసి వాళ్ల సొంత అడవికి వెళ్లింది. ఏడు వారాలు. చేపలు, కంగారూ మాంసం, దుంపలు, అడవి తేనె, అంతా తెచ్చుకున్నదే. తిరిగొచ్చేసరికి సగటున 8 కిలోలు తగ్గారు, రక్తంలో చక్కెర బాగా దిగింది, ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. 1984లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. స్వీడన్‌లో స్టాఫన్ లిండెబెర్గ్ బృందం 2007లో 29 మంది గుండెజబ్బు రోగులతో 12 వారాలు చేసిన పరీక్షలో కూడా పేలియో తరహా భోజనం గ్లూకోజును అదుపు చేసింది. ఇవి చిన్న పరీక్షలు. వీటిని చూసి పప్పు విషమని, గింజ శత్రువని తేల్చలేం. దుంప, పండు, ఆకు, చేప తిని, ప్యాకెట్ తిండి పూర్తిగా మానితే ఒళ్లు త్వరగా స్పందిస్తుందని మాత్రం తేలింది.

ఆ ప్యాకెట్ సంగతిని కెవిన్ హాల్ 2019లో కొలిచాడు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందిని నెలరోజులు ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి పెట్టారు. రెండు రకాల తిండిలోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా వడ్డించి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో ఒక్కొక్కరు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. తొందరగా తిన్నారు కూడా. నమలాల్సిన పని లేని తిండికి కడుపు ‘చాలు’ అని చెప్పేలోపే కంచం ఖాళీ అవుతుంది. పీచు ఎక్కువున్న తిండి పెద్దపేగుదాకా వెళ్తే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి చిన్న ఆమ్లాలు చేస్తాయి, అవి జీఎల్‌పీ–1 లాంటి హార్మోన్లను పురికొల్పుతాయి. ఈమధ్య బరువు తగ్గడానికి తీసుకునే ఖరీదైన ఇంజెక్షన్లు అనుకరించేది ఆ హార్మోన్‌నే. హడ్జాలు రోజుకు 100 గ్రాముల దాకా పీచు తింటారు. పరిశోధకుడు హెర్మన్ పాంట్జర్ 2012లో లెక్కగడితే, రోజంతా అడవిలో తిరిగే హడ్జాలు ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే నగరవాసి ఖర్చుచేసినంత శక్తే ఖర్చుచేస్తున్నారు. నడక గుండెకు, నరానికి మంచిది. నడుము కొలత మాత్రం ఎక్కువగా కంచంలోనే తేలుతుంది.

నేను పాత తిండికి రెండుసార్లు తిరిగి వెళ్లాను. నాలుగేళ్ల కిందట నా మూడు నెలల సగటు చక్కెర, హెచ్‌బీఏ1సీ, 6.2 వచ్చింది, 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహపు గడప మీద ఉన్నట్టు. భయపడి గింజ, పప్పు, పండు అన్నీ ఒక్కరోజులో మానేశాను. మూడు నెలలు గడిచాయి, దసరా వచ్చింది, మళ్లీ అన్నీ మొదలయ్యాయి. రెండోసారి వంటింటి నుంచి మొదలుపెట్టాను. ఏం మానాలన్న ప్రశ్న పక్కనపెట్టి, ఈ నెలలో అడవి అంచు సంతలో ఏం దొరుకుతుందో అడగడం నేర్చుకున్నాను. సంతలో ఒక కోయ అవ్వ ముందు చిలగడదుంపల్లా కనిపించే దుంపల కుప్ప ఉంటే, “అవ్వా, ఇది ఎట్లా వండాలె?” అన్నాను. “కాల్చుకో బిడ్డా, ఉప్పు కూడా వద్దు” అంది. కాల్చుకున్నాను. ఉప్పు అక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంటి భోజనం ఇలా ఉంటుంది. పొద్దున రెండు గుడ్లు, ఉడికించిన చిలగడదుంప లేదా కాల్చిన తేగ. తేగను నమిలి తినేసరికి పావుగంట పడుతుంది, మధ్యాహ్నందాకా ఆకలి గుర్తురాదు. మధ్యాహ్నం కంచంలో సగం కూర: మునగాకు వేసిన కందిపప్పు, బోడకాకర వేపుడు, వేసవిలో చింతచిగురు–ఎండు రొయ్యలు. అన్నం ఒక గరిటె, లేకపోతే జొన్న గటక. చింతచిగురు రొయ్యల కూర గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. చిగురును అరచేతుల మధ్య నలిపి పుల్లలు తీసేయాలి, రొయ్యల తలలు గిల్లి నూనె లేకుండా వేయించి కడగాలి, ఉల్లిపాయ మగ్గాక రెండూ కలిపి మూత పెట్టాలి. చిగురు తన నీటితోనే ఉడుకుతుంది. రాత్రి పులుసులో కొర్రమీనో, ఆదివారం నాటుకోడో. బొంగు లేకపోతే మట్టికుండ. మూతకు పిండి అంటించి సన్నసెగ మీద గంటసేపు వదిలేస్తే కోడి తన కొవ్వులోనే మగ్గుతుంది. కంద వండే రోజు చింతపండు పులుసు తప్పనిసరి. కందలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, గొంతు దురద వాటిదే. పులుపూ బాగా ఉడకడమూ ఆ దురదను అణిచేస్తాయి. కడుపు నిండుతుంది. నోరూ నిండుతుంది. అందుకే ఈసారి దసరాకు భయం లేదు.

వేటమాంసం మాట ఎవరూ ఎత్తవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కిన్నెరసానిలో, పాపికొండల్లో మిగిలిన జింకలు మన నోటి కోసం లేవు. అలాగే అడవి దుంపలు సొంతంగా తవ్వి వండకండి. తినే తీగకూ చంపే తీగకూ మధ్య తేడా ఒక్కోసారి ఆకుల అమరికే. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ముందు వైద్యుడితో మాట్లాడి మోతాదు సరిచేసుకోవాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాంసకృత్తులు పెంచే ముందు కూడా అంతే.

తీపి లేకుండా తెలుగు ఇల్లు ఉండదు. భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరిగే రోజుల్లోనే అడవిలో ఇప్పపూలు రాలుతాయి. ఊళ్లో బెల్లం పానకం, నానిన వడపప్పు. అడవిలో తెల్లవారుజామున చెట్టు కింద పరుచుకున్న లేత పసుపు పూలు. ఈ పువ్వు తినడానికే పుట్టిందా అన్నట్టుంటుంది. రేకులు కలిసిపోయి కండగా, రసంతో ఉబ్బి ఉంటాయి. రాత్రి పూట గబ్బిలాలను పిలవడానికి చెట్టు పెట్టే ఖర్చు అది. పరాగసంపర్కం అయ్యాక ఆ కండ రాలిపోతుంది, కాయ చెట్టు మీదే ఉంటుంది. కాబట్టి పువ్వు ఏరుకుంటే చెట్టుకు నష్టం లేదు, కాయకూ నష్టం లేదు. ఎండిన పువ్వు బరువులో సగానికి మించి చక్కెరలే. తేనెలాగే ఇదీ చక్కెరే. అడవిది కాబట్టి రక్తంలో చక్కెర పెరగదనుకోవద్దు. తేడా ఒక్కటే: దీని వెంట పీచు వస్తుంది, వగరు వస్తుంది, రెండు ఉండలు తినేసరికి నోరు ఆగిపోతుంది. అడవిలో తీపి ఏడాదికి కొన్ని వారాలే దొరికేది. మా ఇంట్లో ఇప్ప ఉండలు పండుగలకే.

ఈ చైత్రంలో భద్రాచలం వెళ్తే ఆదివాసీ మహిళల దగ్గర ఎండు ఇప్పపువ్వు కిలో కొనండి, బేరం ఆడవద్దు. ఇంటికి తెచ్చి లోపలి కేసరాలు దులపండి, ఇసుక పోయేదాకా మూడుసార్లు కడిగి, నీడన ఆరబెట్టి, ఇనుప మూకుడులో సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించండి. అందులో సగం కొలత వేయించిన నువ్వులు, గుప్పెడు సారపప్పు కలిపి రోట్లో దంచండి. నువ్వుల నూనె ఊరి ముద్ద కట్టగానే ఉండలు చుట్టేయండి. బెల్లం అక్కర్లేదు. డబ్బాలో నెలరోజులు నిలవ ఉంటాయి.